హెచ్‌ఐవీ రకాలు: తేడాలు, ప్రమాదాలు, పాలమూరు నేపథ్యం

హెచ్‌ఐవీ మనిషి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్. రక్తంలోని సీడీ4 అనే తెల్ల కణాల్లో చేరి, ఆ కణాల యంత్రాంగాన్నే వాడుకుని తన సంతతిని పెంచుకుంటుంది, చివరకు ఆ కణాలనే నాశనం చేస్తుంది. మందులు లేకుండా ఏళ్లు గడిస్తే శరీరం క్షయలాంటి జబ్బులను తట్టుకోలేని స్థితికి చేరుతుంది. ఆ దశనే ఎయిడ్స్ అంటాం. ఈ వైరస్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి: హెచ్‌ఐవీ-1, హెచ్‌ఐవీ-2. మొదటిదానిలో నాలుగు వర్గాలు, అందులో ఒక వర్గంలో పది ఉపరకాలు, ఆ ఉపరకాలు ఒకదానితో ఒకటి కలిసి పుట్టిన సంకర రూపాలు వందకు పైగా ఉన్నాయి. ఈ జాబితా చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అయితే వనపర్తి జిల్లా గోపాల్‌పేటలాంటి ఊళ్లో పరీక్ష చేయించుకునే మనిషికి ఇందులో ఏది ముఖ్యం, ఏది కాదు అన్నది విడదీసి చూస్తే భయపడాల్సిన పని చాలావరకు తగ్గుతుంది, జాగ్రత్త పడాల్సిన చోటు స్పష్టమవుతుంది.

గోపాల్‌పేట, పాలమూరు వలస

గోపాల్‌పేట నిజాం కాలంలో ఒక సంస్థానం. వనపర్తి, గద్వాల, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాల సరసన దాని పేరూ వినిపించేది. తర్వాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఒక మండలమైంది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనతో వనపర్తి జిల్లాలోకి వచ్చింది. కృష్ణా, తుంగభద్ర నదులు పక్కనుంచే పారుతున్నా దశాబ్దాలపాటు సాగునీరు అందని ప్రాంతమిది. కాలం కాకపోతే ఊళ్లు ఖాళీ అయ్యేవి. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, భార్యాభర్తలు బొంబాయికో పుణేకో బెంగళూరుకో బస్సెక్కేవాళ్లు. దేశంలో ఆనకట్టలు, రోడ్లు, కాలువలు, అపార్ట్‌మెంట్లు కట్టిన ‘పాలమూరు లేబర్’ వీళ్లే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వలస కొంత తగ్గినా పూర్తిగా ఆగలేదు.

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణముంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వలస కూలీలనూ లారీ డ్రైవర్లనూ నివారణ కార్యక్రమంలో ప్రత్యేక వర్గాలుగా చేర్చింది. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండటం, ఒకే గదిలో పది మంది బతకడం, జబ్బు చేస్తే భాష తెలియని ఊళ్లో దవాఖాన వెతుక్కోవాల్సి రావడం, ఇవన్నీ ముప్పును పెంచే పరిస్థితులు. తప్పు వలసపోయిన మనిషిది కాదు, ఆ పరిస్థితులది. మన దేశంలో హెచ్‌ఐవీ-2 మొదట బయటపడింది కూడా బొంబాయిలోనే, 1991లో. ఆ నగరంతో పాలమూరుకు తరతరాల రాకపోకలు ఉన్నాయి. కాబట్టి ఇక్కడి పరీక్షా కేంద్రాల్లో రెండో రకం మాట కూడా తెలిసి ఉండాలి.

కోతుల నుంచి మనుషులకు

1981 జూన్ 5న అమెరికాలోని లాస్‌ఏంజెలిస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందన్న చిన్న నివేదికతో ఎయిడ్స్ కథ లోకానికి తెలిసింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మాంటానియే బృందం వైరస్‌ను వేరుచేసింది. 2008లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. 1986లో పశ్చిమ ఆఫ్రికా రోగుల రక్తంలో మరో వైరస్ దొరికింది. జబ్బు ఎయిడ్స్‌లాగే ఉంది, కానీ అప్పటి పరీక్షలు దాన్ని సరిగా పట్టుకోలేకపోయాయి. దానికే హెచ్‌ఐవీ-2 అని పేరు పెట్టారు.

ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలు కావు. ప్రపంచమంతా వ్యాపించిన హెచ్‌ఐవీ-1 చింపాంజీల్లో ఉండే వైరస్ నుంచి వచ్చింది. ఆగ్నేయ కామెరూన్ అడవుల్లో వేట మాంసం కోసే క్రమంలో జంతువు రక్తం మనిషి గాయాలకు తగలడం వల్ల ఇది దాటి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. 1920 ప్రాంతంలో ఇప్పటి కిన్షాసా నగరానికి చేరి, అక్కడి రైళ్లు, నదీ మార్గాలు, వ్యాపారాల వెంట వ్యాపించింది. ఆ నగరంలో 1959లో తీసిన ఒక రక్త నమూనాలో ఈ వైరస్ దొరికింది. హెచ్‌ఐవీ-2 మాత్రం పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబే అనే కోతి జాతి నుంచి వచ్చింది. రెండు వైరస్‌ల జన్యువులనూ పక్కపక్కన పెడితే పోలిక సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే కనిపిస్తుంది. పరీక్షలోనూ మందులోనూ వచ్చే తేడాలన్నిటికీ మూలం ఇదే.

హెచ్‌ఐవీ-1లోని నాలుగు వర్గాలు

ఎం, ఎన్, ఓ, పి అని నాలుగు వర్గాలున్నాయి. ఒక్కొక్కటీ వానర జాతి నుంచి మనిషికి విడిగా దాటిన ఘటన ఫలితం. ప్రపంచవ్యాప్త మహమ్మారి అంతా ఎం వర్గం పనే. ఇప్పుడు ప్రపంచంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న సుమారు 4 కోట్ల మందిలో దాదాపు అందరికీ ఉన్నది ఇదే. ఓ వర్గం గొరిల్లాల నుంచి వచ్చింది, కామెరూన్, దాని పొరుగు దేశాల్లోనే ఎక్కువగా ఉంది. 1998లో గుర్తించిన ఎన్ వర్గం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిలోనే బయటపడింది. పి వర్గాన్ని 2009లో ఫ్రాన్స్‌లో ఉంటున్న ఒక కామెరూన్ మహిళలో కనుగొన్నారు.

తెలుగు నేల మీద ఎన్, ఓ, పి వర్గాల గురించి కంగారుపడాల్సిన పని లేదు. కానీ ఓ వర్గం వల్ల ప్రపంచం నేర్చుకున్న పాఠం మనకూ పనికొస్తుంది. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో కొందరు రోగుల రక్తంలో వైరస్ ఉన్నా అప్పటి కొన్ని పరీక్షలు ‘లేదు’ అని చూపాయి. ఆ పరీక్షలు ఎం వర్గాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి కావడమే కారణం. ఆ తర్వాత కిట్ల తయారీనే మార్చారు. రకాన్ని గుర్తించలేని పరీక్ష ఉన్న జబ్బును లేదని చెప్తుందని అప్పుడు రుజువైంది.

మన ఉపరకం: సి

ఎం వర్గంలో ఎ, బి, సి, డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్ అనే పది ఉపరకాలున్నాయి. ఎల్‌ను 2019లో చేర్చారు. వీటి మధ్య తేడా ఎక్కువగా వైరస్ పై తొడుగులో ఉంటుంది. ఆ తొడుగులోని ప్రోటీన్ ఉపరకానికీ ఉపరకానికీ పావు వంతు నుంచి మూడో వంతు దాకా మారిపోతుంది. ఇన్ని రూపాలు ఎందుకంటే, తన జన్యువును నకలు తీసుకునేటప్పుడు ఈ వైరస్‌కు తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదు. మందు వేసుకోని మనిషి శరీరంలో రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి, ప్రతి తరంలోనూ కొన్ని అక్షరాలు తారుమారవుతాయి. రెండు ఉపరకాలు ఒకే మనిషిలో చేరితే సంకరాలు పుడతాయి. ఆగ్నేయాసియాలోని ఎఈ, పశ్చిమ ఆఫ్రికాలోని ఎజి అలాంటివే.

ప్రపంచంలోని హెచ్‌ఐవీ కేసుల్లో దాదాపు సగం సి ఉపరకానివి. అమెరికా, పశ్చిమ యూరప్‌లలో ఎక్కువగా ఉండే బి వాటా సుమారు 12 శాతమే. ఇక్కడ ఒక మాట కాస్త గట్టిగా చెప్పుకోవాలి. పాతికేళ్లపాటు మందుల పరిశోధన, పరీక్షల తయారీ, టీకా ప్రయత్నాలు చాలావరకు బి ఉపరకం చుట్టూనే సాగాయి. రోగుల్లో ఎక్కువమంది ఆఫ్రికాలోనూ మన దేశంలోనూ ఉంటే, పరిశోధన మాత్రం పాశ్చాత్య రోగుల వైరస్ మీద జరిగింది. ఇది వైద్య చరిత్రలో పేదవాళ్లకు జరిగిన అన్యాయమే.

మన దేశంలో 90 శాతానికి పైగా కేసులు సి ఉపరకానివి, తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. మణిపూర్‌లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా సూదులతో మత్తు మందులు ఎక్కించుకునేవారిలో, బర్మా వైపు నుంచి వచ్చిన బి ఉపరకం, బి-సి సంకరాలు కూడా కనిపిస్తాయి. మిగతా దేశంలోని సి వైరస్‌లను జన్యుపరంగా పోల్చి వెనక్కి లెక్కిస్తే అవి ఆఫ్రికా మూలం నుంచి 1970ల ప్రాంతంలో ఇక్కడికి చేరినట్టు తేలుతోంది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి దేశంలో తొలి కేసులను పట్టుకునేనాటికి వైరస్ దాదాపు పదిహేనేళ్లుగా చడీచప్పుడు లేకుండా తిరుగుతోందన్నమాట.

సి ఎందుకింత వ్యాపించింది? బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో ఉదయకుమార్ రంగ బృందం ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వైరస్ జన్యువు మొదట్లో, దాని ఉత్పత్తిని మొదలుపెట్టే భాగంలో, ఎన్‌ఎఫ్-కప్పాబి అనే మానవ ప్రోటీన్ అతుక్కునే చోట్లు ఉంటాయి. బి ఉపరకంలో అవి రెండు, సి ఉపరకంలో మూడు. నాలుగు చోట్లున్న సి వైరస్‌లు భారత్‌లో పెరుగుతున్నాయనీ, అవి మరింత జోరుగా ఉత్పత్తవుతాయనీ ఈ బృందం 2012లో ప్రకటించింది. ఒంట్లో ఏ చిన్న ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఎన్‌ఎఫ్-కప్పాబి చురుకెక్కుతుంది. దాన్ని పట్టుకునే చోట్లు ఎక్కువున్న వైరస్‌కు అది అదనపు ఊతం.

ఇదే వైరస్‌లో ఇంకో కోణమూ ఉంది. టాట్ అనే దాని ప్రోటీన్‌లో 31వ స్థానంలో మామూలుగా సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. సి ఉపరకంలో ఎక్కువభాగం వైరస్‌లలో ఆ చోట సెరీన్ ఉంది. ఈ ఒక్క మార్పుతో మెదడులోకి రక్తకణాలను లాగి నరాలకు హాని చేసే శక్తి తగ్గింది. హెచ్‌ఐవీ వల్ల వచ్చే మతిమరుపు జబ్బు మన రోగుల్లో పాశ్చాత్య దేశాలకన్నా తక్కువగా కనిపించడానికి ఇదొక వివరణ. అంటే ఉపరకాలను ‘మంచిది, చెడ్డది’ అని ఒక వరుసలో నిలబెట్టడం కుదరదు. సి వ్యాపించడంలో ముందుంది, మెదడును దెబ్బతీయడంలో వెనుకుంది.

ఏది ఎక్కువ ప్రమాదం?

ఉపరకాల్లో డి సోకితే జబ్బు త్వరగా ముదురుతుందని ఉగాండా, కెన్యాల్లో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. అక్కడే ఎ సోకినవారిలో జబ్బు నెమ్మదిగా ముదిరింది. 2022 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్‌లో 109 మందిలో గుర్తించిన బి ఉపరకం కొత్త రూపాన్ని ప్రకటించారు. ‘విబి’ అని పిలిచే ఆ రూపం సోకినవారి రక్తంలో వైరస్ మోతాదు మూడున్నర నుంచి అయిదున్నర రెట్లు ఎక్కువగా ఉంది, సీడీ4 కణాలు రెట్టింపు వేగంతో పడిపోయాయి. అప్పట్లో చాలా దినపత్రికలు దీన్ని ‘కొత్త భయంకర హెచ్‌ఐవీ’గా రాశాయి. అదే పరిశోధనా పత్రంలో ఉన్న మరో మాటను చాలామంది రాయలేదు: మందు మొదలుపెట్టాక ఈ రోగులు కూడా మిగతావారిలాగే కోలుకున్నారు.

ఇదే అసలు కొలమానం. మందు వేసుకోని మనిషికి ఉపరకం ప్రాణాంతకమైన తేడా తేవచ్చు. రోజూ మందు వేసుకునే మనిషికి ఎ అయినా సి అయినా డి అయినా ఫలితం దాదాపు ఒక్కటే. మన దగ్గర రోగం ముదిరి వచ్చేవారిలో ఎక్కువమందికి ఆలస్యమే శత్రువు. పరీక్ష ఆలస్యం, కేంద్రానికి వెళ్లడం ఆలస్యం, వలసపోయి మధ్యలో మాత్రలు మానేయడం. దేశమంతటా చాలా ఏళ్లపాటు సీడీ4 ఒక స్థాయికి పడేదాకా మందు ఇచ్చేవారు కాదు. 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నారు. ఏ ఉపరకం ఎంత వేగంగా ముదురుతుందన్న ప్రశ్న చాలావరకు పక్కకు పోయింది ఈ ఒక్క నిర్ణయంతోనే.

హెచ్‌ఐవీ-2: నెమ్మదితనం వెనుక ముప్పు

హెచ్‌ఐవీ-2 సోకినవారు ప్రపంచంలో 10 నుంచి 20 లక్షల మంది ఉంటారని అంచనా. ఎక్కువమంది సెనెగల్, గినీ-బిసావు, గాంబియా, ఐవరీ కోస్ట్ వంటి దేశాల్లో ఉన్నారు. పోర్చుగల్ వలసపాలన దారుల్లో అది యూరప్‌కూ చేరింది. మన దేశంలో పశ్చిమ, దక్షిణ రాష్ట్రాల్లో కొద్దిమందిలో కనిపిస్తుంది. ఒకే మనిషిలో రెండు రకాలూ కలిసి ఉన్న కేసులూ ఉన్నాయి.

రెండో రకం లైంగికంగా సోకే అవకాశం మొదటిదానికన్నా చాలా తక్కువ, చాలా అధ్యయనాల ప్రకారం అయిదో వంతు లేదా అంతకన్నా తక్కువ. గాంబియాలో తల్లి నుంచి బిడ్డకు సంక్రమించడాన్ని కొలిస్తే హెచ్‌ఐవీ-1 తల్లుల్లో సుమారు 24 శాతం, హెచ్‌ఐవీ-2 తల్లుల్లో 4 శాతం దగ్గర తేలింది. అది మందులు లేని కాలపు లెక్క. రక్తంలో వైరస్ మోతాదు తక్కువగా ఉండటమే ఇందుకు ముఖ్య కారణం.

ఇక్కడినుంచే ‘రెండో రకం పెద్దగా ఏం చేయదు’ అన్న అపోహ పుట్టింది. పాఠ్యపుస్తకాల్లోనూ చాలాకాలం అదే ధోరణి ఉండేది. గినీ-బిసావులో పోలీసు ఉద్యోగులను 1990 నుంచి 2013 దాకా గమనించిన దీర్ఘకాలిక అధ్యయనం ఆ నమ్మకాన్ని తోసిపుచ్చింది. చికిత్స లేనప్పుడు ఎయిడ్స్ దశకు చేరడానికి మధ్యగత కాలం హెచ్‌ఐవీ-1కు 6.2 ఏళ్లు, హెచ్‌ఐవీ-2కు 14.3 ఏళ్లు. ప్రాణం పోవడానికి పట్టిన కాలం 8.2 ఏళ్లు, 15.6 ఏళ్లు. అంటే రెండో రకం గడువు రెట్టింపు ఇస్తుంది, అంతే. మందు లేకపోతే ఎక్కువమందిని అదే చివరికి చేరుస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో సోకితే నలభై అయిదు దాటేసరికి, పిల్లల పెళ్లిళ్లు చేయాల్సిన వయసులో, జబ్బు ముదిరి మంచాన పడేస్తుంది.

రెండో ముప్పు మందుల దగ్గర ఉంది. నెవిరపిన్, ఎఫావిరెంజ్ అనే మందులు హెచ్‌ఐవీ-1 ఎంజైమ్‌లోని ఒక గుంటలో ఇరుక్కుని దాన్ని ఆపుతాయి. హెచ్‌ఐవీ-2 ఎంజైమ్‌లో ఆ గుంట ఆకారమే వేరు, కాబట్టి ఆ మందులు దాని మీద పనిచేయవు. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత చికిత్స మొదలైనప్పుడు ప్రధానంగా ఇచ్చినది నెవిరపిన్ ఉన్న మూడు మందుల కలయిక. తర్వాత కొన్నేళ్లు ఎఫావిరెంజ్ నడిచింది. రెండో రకం ఉందని తెలియకుండా ఆ మాత్ర వేసుకున్న మనిషి మూడు మందులు మింగుతున్నా లోపల పనిచేసేవి రెండే. అలాంటి చోట వైరస్ మిగిలిన రెండింటికీ నిరోధం తెచ్చుకుంటుంది. పుట్టిన బిడ్డకు ఇచ్చే నెవిరపిన్ సిరప్‌కూ ఇదే వర్తిస్తుంది. అందుకే హెచ్‌ఐవీ-2 ఉన్న తల్లి బిడ్డకు దాని బదులు జిడోవుడిన్ ఇవ్వాలని మార్గదర్శకాలు చెప్తాయి.

మూడో ముప్పు రిపోర్టు కాగితంలో దాక్కుంటుంది. మందు పనిచేస్తోందా లేదా చూడటానికి ఏటా చేసే వైరల్ లోడ్ పరీక్ష హెచ్‌ఐవీ-1 జన్యువును కొలిచేందుకు తయారైంది. రెండో రకం ఉన్నవారి రక్తం అందులో పెడితే ‘కనిపించలేదు’ అని వస్తుంది. అది చూసి జబ్బు అదుపులో ఉందనుకుంటే, లోపల సీడీ4 కణాలు తగ్గుతూనే ఉంటాయి. ఈ రోగులను సీడీ4 లెక్కతోనూ ఒంటి లక్షణాలతోనూ గమనించాలి, లేదా హెచ్‌ఐవీ-2కే ప్రత్యేకమైన వైరల్ లోడ్ పరీక్ష ఉన్న ప్రయోగశాలకు నమూనా పంపాలి.

పరీక్ష గదిలో

గర్భిణికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఉపకేంద్రంలోనో మొదట చేసేది వేలి చివర సూది గుచ్చి తీసే రక్తంతో వడపోత పరీక్ష. ఏఎన్‌ఎం నర్సు దాన్ని చేస్తుంది. అందులో పాజిటివ్ గీత కనిపిస్తే వెంటనే జబ్బు ఉందని చెప్పరు, ఐసీటీసీ అనే సమగ్ర సలహా, పరీక్షా కేంద్రానికి పంపుతారు. అక్కడ చేతి నరం నుంచి రక్తం తీసి, వేర్వేరు సూత్రాలతో పనిచేసే మూడు కిట్లలో వరుసగా చూస్తారు. మూడింటిలోనూ పాజిటివ్ వస్తేనే పాజిటివ్.

ఈ కిట్లలో ఒక రకం గుండ్రటి చిన్న పలక. తెల్లటి పొర మీద మూడు చుక్కల చోట్లుంటాయి: పైన పరీక్ష సరిగా జరిగిందని చెప్పే చుక్క, కింద ఒకటో రకానికి ఒకటి, రెండో రకానికి ఒకటి. సీరం చుక్కలు, ద్రావణాలు ఒకదాని తర్వాత ఒకటి పోస్తూ పోతే నిమిషాల్లో ఎర్రటి మచ్చలు తేలతాయి. పైచుక్క తేలకపోతే కిట్ పారేసి మళ్లీ చేయాలి. ఒకటో చుక్క మాత్రమే తేలితే సంగతి సులభం. రెండో చుక్క తేలినా, రెండూ తేలినా టెక్నీషియన్ ఆగి ఆలోచించాలి. ఒక రకం మీద పుట్టిన యాంటీబాడీలు రెండో చుక్కకు కూడా అంటుకోవడం మామూలే. ఆ మచ్చ చూసి ‘మీకు రెండు రకాలూ ఉన్నాయి’ అని చెప్పడం తప్పు. నమూనాను నిర్ధారణ చేసే రిఫరెన్స్ ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చాకే రకం రాయాలి. పుణేలో ఇదివరకు జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థ అని పిలిచిన సంస్థ ఈ వ్యవస్థలో పేరున్న కేంద్రం.

రిపోర్టు వచ్చేదాకా రోగిని ఖాళీ చేతులతో తిప్పి పంపడం మాత్రం సరికాదు. ఇప్పటి మందు రెండు రకాల మీదా పనిచేస్తుంది కాబట్టి చికిత్స ఆపాల్సిన పని లేదు.

విండో పీరియడ్ మాట కూడా చెప్పుకోవాలి. వేలి రక్తంతో చేసే యాంటీబాడీ పరీక్షలో వైరస్ సోకిన తర్వాత మూడు వారాల నుంచి మూడు నెలల దాకా ఫలితం నెగెటివ్ రావచ్చు. అనుమానం ఉన్నవారు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. ఎక్కించే రక్తం విషయానికొస్తే, రక్తనిధుల్లో 1989 నుంచి హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరైంది. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మడం నిలిచిపోయింది.

హైదరాబాద్ మాత్ర

మన దేశంలో ఇప్పుడు ప్రధాన చికిత్స రోజుకు ఒక్క మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిసినది. రోగులూ కౌన్సెలర్లూ దీన్ని టీఎల్‌డీ అంటారు. డోల్యుటెగ్రావిర్ వైరస్ తన జన్యువును మన కణాల జన్యువులో అతికించుకునే దశను అడ్డుకుంటుంది. ఆ దశ రెండు రకాల్లోనూ ఒకేలా ఉండటంతో హెచ్‌ఐవీ-2 కూడా దీనికి లొంగుతుంది. దాని రాకతో రెండో రకాన్ని పొరపాటున వదిలేయడం వల్ల జరిగే నష్టం బాగా తగ్గింది. నా దృష్టిలో ఇరవై ఏళ్లలో హెచ్‌ఐవీ చికిత్సలో జరిగిన గొప్ప మేలు ఇదే.

ఈ మాత్ర కథలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానముంది. 2001లో ముంబైకి చెందిన సిప్లా ఏడాదికి 350 డాలర్లకే మూడు మందుల కలయిక ఇస్తానని ముందుకొచ్చి బహుళజాతి సంస్థల ధరలను పడగొట్టింది. ఆ తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల పరిశ్రమ ప్రపంచానికి ఈ మందుల గోదాముగా మారింది. అరబిందో, హెటిరో, లారస్, అప్పటి మైలాన్ వంటి సంస్థల కర్మాగారాల నుంచి ఆఫ్రికా దేశాలకు మాత్రలు, ముడి మందులు వెళ్తున్నాయి. 2017 సెప్టెంబర్‌లో టీఎల్‌డీ మాత్రను మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే 90కి పైగా దేశాలకు అందించే ఒప్పందంలో ఉన్న రెండు సంస్థలు అరబిందో, మైలాన్. ఆరు నెలలకోసారి వేసే లెనాకపవిర్ నివారణ ఇంజెక్షన్‌ను 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకు అందిస్తామని 2025లో వెలువడిన ప్రకటనల్లో ఉన్నవీ హైదరాబాద్ సంస్థలే: డాక్టర్ రెడ్డీస్, హెటిరో. అయితే ఇది ప్రధానంగా హెచ్‌ఐవీ-1 మీద పనిచేసే మందు. హెచ్‌ఐవీ-2 మీద దాని బలం తక్కువ. ఇక్కడా రకం తెలియడం అవసరమే.

తెలుగు రాష్ట్రాల లెక్క

ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న పోస్టర్లు 2000ల తొలి ఏళ్లలో గోడల మీద, బస్సుల మీద కనిపించేవి. 2004-05లో గుంటూరు జిల్లాలో ఇంటింటికీ తిరిగి రక్తం పరీక్షించిన అధ్యయనం పెద్దల్లో 1.72 శాతం మందికి హెచ్‌ఐవీ ఉందని తేల్చింది. అప్పటికి అధికారిక అంచనా దీనికన్నా చాలా ఎక్కువగా ఉండేది. ఇలాంటి సర్వేల వల్లే 2007లో దేశం మొత్తం అంచనా 52 లక్షల దగ్గర్నుంచి 25 లక్షలకు తగ్గింది. జబ్బు ఒక్కసారిగా తగ్గిపోలేదు, లెక్క సరిదిద్దుకుంది.

2021 అంచనాల ప్రకారం పెద్దల్లో హెచ్‌ఐవీ ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. జాతీయ సగటు 0.21 శాతమే. అంటే తగ్గినా మన దగ్గర జాతీయ సగటుకు రెండు, మూడు రెట్లుంది. ఉమ్మడి పాలమూరుకు మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రం చాలాకాలంగా ఆధారం. వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక గోపాల్‌పేట మనిషికి పెద్ద దవాఖాన దగ్గరైంది. వలసపోయేవాళ్లు తమ ఏఆర్‌టీ కార్డు వెంట పెట్టుకుంటే ముంబైలోనైనా బెంగళూరులోనైనా అక్కడి కేంద్రంలో మాత్రలు ఉచితంగా తీసుకోవచ్చు. ఇది తెలియకనే చాలామంది మధ్యలో మానేస్తారు. ఇంటి నుంచి బయల్దేరేముందు కౌన్సెలర్‌తో ఒక్క మాట చెప్తే బదిలీ కాగితం రాసిస్తారు.

రెండేళ్ల జైలు దాకా శిక్ష

హెచ్‌ఐవీ ఉన్నవారి పట్ల వివక్ష చూపడాన్ని ఇప్పుడు చట్టం నిషేధించింది. 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. ఉద్యోగం, బడి, వైద్యం, అద్దె ఇల్లు, ఏదీ ఈ కారణంగా నిరాకరించకూడదు. వీళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టేవారికి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. తెలంగాణలో ప్రభుత్వ పింఛను ఈ వ్యాధిగ్రస్తులకూ వర్తిస్తుంది.

ఊళ్లో ఇంకా కొందరు ‘ఆయనకొచ్చింది ఒకటో నంబరు, ఈమెకొచ్చింది రెండో నంబరు, రెండోది అంటుకోదు’ అని మాట్లాడుకుంటారు. రెండూ ఒకే దారుల్లో సోకుతాయి: రక్షణ లేని లైంగిక సంబంధం, పరీక్ష చేయని రక్తం, వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు. ఒకే కంచంలో తినడం, చేయి కలపడం, దోమ కుట్టడం, ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవడం వల్ల ఏ రకమూ రాదు. మందు క్రమంగా వేసుకుని రక్తంలో వైరస్ కనిపించని స్థాయిలో ఉన్నవారి నుంచి జీవిత భాగస్వామికి లైంగికంగా సంక్రమించదని పెద్ద అధ్యయనాలు రుజువు చేశాయి. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి సమయానికి మందు అందితే ఆరోగ్యంగా పుట్టే బిడ్డలే ఎక్కువ. సూది గుచ్చుకున్నా, బలాత్కారం జరిగినా 72 గంటల్లోపు ప్రభుత్వ దవాఖానకు చేరితే 28 రోజుల నివారణ మందు ఇస్తారు. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది.

సందేహం ఉన్నవారు, ముఖ్యంగా పనికోసం పట్నం పోయి వచ్చినవారు, పేరు, ఊరు బయటపడుతుందేమోనని భయపడకుండా దగ్గరి ఐసీటీసీకి వెళ్లాలి. అక్కడ పరీక్షకు డబ్బు తీసుకోరు. రకం ఏదో నిర్ధారించే పని ప్రయోగశాలది, రోజూ ఒకే సమయానికి మాత్ర వేసుకునే పని మనది. ముందు ఫోన్‌లో అడిగి తెలుసుకోవాలనుకుంటే 1097 నంబరుకు చేయండి. దేశంలో ఎక్కడి నుంచైనా అది ఉచితం, తెలుగులోనూ సమాధానమిస్తారు.